హుమాయూన్ అరగదీసిన గీత

షేక్ హుమాయూన్ చెయ్యి పడిన క్రాంక్‌షాఫ్టు అదే రోగంతో తిరిగొచ్చిన దాఖలా ఆటోనగర్‌లో లేదు. ఇరవై రెండేళ్లుగా లారీ ఇంజన్ల షాఫ్టులు గ్రైండింగ్ చేస్తున్నాడు. షాఫ్టు మీద గీత కనబడిందంటే ఎక్కడో దెబ్బ తగిలిందన్నమాట. గీత పోయేదాకా అరగదీయాలి, నూనె రాయాలి, గుడ్డలో చుట్టి ఇవ్వాలి. ఇంతకు మించిన తత్త్వంతో ఆయనకు పని పడలేదు. హుమాయూన్ చేసిన పనికి వంక ఉండదన్న పేరే ఆయన ఆస్తి, దాన్ని ఆయన మా జాగ్రత్తగా కాపాడుకుంటూ వచ్చాడు.

1998 వేసవిలో ఆయన షెడ్డుకు కనకవల్లి గారు వచ్చారు. ఊళ్లో ఒక కాలేజీలో భూగర్భశాస్త్రం చెప్పే లెక్చరరు. చేతిసంచీ నిండా రాళ్లు. ఆటోనగర్‌కు రాళ్లు రిపేరుకు తెచ్చినవాళ్లు అంతకుముందు లేరు గనక చుట్టుపక్కల షెడ్లవాళ్లు పని ఆపి మరీ చూశారు. రాతిముక్కను గాజుపలకకు అతికించి, వెలుతురు అవతలికి దూరేంత పల్చగా అరగదీయాలి. అప్పుడుగానీ మైక్రోస్కోపు కింద దాని లోపలి సంగతి తెలియదట. కాలేజీలో అందుకో మిషను ఉంది. అది చెడిపోయి ఆరేళ్లయింది. చెడిపోయిందన్న కాగితం ఇంకా ఆఫీసులో ఒక టేబుల్ మీంచి ఇంకో టేబుల్ మీదికి ప్రయాణం చేస్తోంది.

"ఎంత పల్చగా ఉండాలండీ?"

"ముప్పై మైక్రాన్లండీ."

హుమాయూన్ మనసులో లెక్కేసుకున్నాడు. అంగుళంలో వెయ్యోవంతు, దాని మీద ఇంకో పిసరు. "అవుద్దండీ" అన్నాడు.

అయింది కూడా. వాల్వులు నూరే కార్బొరండం పొడితో, చేత్తో తిప్పి తిప్పి కొండపల్లి రాయిని ఉల్లిపొర చేసి ఇచ్చాడు. మైక్రోస్కోపులో చూసుకున్న కనకవల్లి గారు మర్నాడు మిఠాయి పొట్లం పట్టుకొచ్చారు.

ఆగస్టులో ఆవిడ మూడు ముక్కలు తెచ్చారు. దేశానికి ఆ చివర, ఈశాన్య కొండల్లో ఒక వాగు గట్టు నుంచి రెండుసార్లు వెళ్లి తవ్వి తెచ్చుకున్నవి. ఒక్కొక్కటీ అగ్గిపెట్టెంత. కిందా పైనా బూడిద రంగు రాయి, నడుమ వేలిగోరు మందాన ఎర్రమట్టి గీత. విడిపోకుండా ముందే జిగురు పట్టించారు. ఆవిడకు పరీక్షల డ్యూటీ తరుముతోంది. "ఇవి కూడా అలాగే చేసిపెట్టండి, వారంలో వస్తాను" అని ఆటో ఎక్కేశారు. గీత సంగతి చెప్పలేదు. అంత కొట్టొచ్చినట్టు కనబడేదాన్ని మళ్లీ చెప్పడమెందుకనుకున్నారు.

హుమాయూన్‌కూ అది కొట్టొచ్చినట్టే కనబడింది. పాపం, మేడమ్ గారు చదువుకున్న మనిషి, ఎవరో పగిలిన రాళ్లు అంటగట్టారు అనుకున్నాడు. మొహం మీద చెబితే చిన్నబుచ్చుకుంటారు. నోరెత్తకుండా సరిచేసి ఇవ్వడమే మర్యాద. మొదటి ముక్కలో పై రాయితో సహా గీత ఉన్నంత మేరా అరగదీసి పారేశాడు. రెండోదానికీ అదే వైద్యం. కింది రాయి మచ్చ లేకుండా తేలింది.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఈ ఘనకార్యం భార్య నఫీసాకు చెప్పాడు. వాళ్లింట్లో మాటలు ఉర్దూలో నడుస్తాయి. తెలుగులో రాసినా నఫీసా ఎత్తిపొడుపు ఏమీ తగ్గదు.

"తియ్యమని ఆవిడ అడిగిందా?"

"అన్నీ అడిగించుకుని చేస్తామా?" అన్నాడు.

వారానికి కనకవల్లి గారు వచ్చి పలకల్ని వెలుతురుకు ఎత్తి చూశారు. ఇటు తిప్పారు, అటు తిప్పారు.

"గీత ఏదండీ?"

"తీసేశానండీ" అన్నాడు హుమాయూన్, మెప్పు అందుకోవడానికి కొంచెం తల వంచి.

ఆవిడ పక్కనున్న స్టూలు మీద కూలబడ్డారు. దాని మీద గ్రీజుందని చెప్పబోయి హుమాయూన్ ఆ మొహం చూసి ఆగిపోయాడు.

"నేను రెండుసార్లు అంత దూరం వెళ్లింది ఆ గీత కోసమేనండీ" అన్నారు. పలక ఒళ్లో పెట్టుకుని దాని కథ చెప్పారు. ఆరున్నర కోట్ల ఏళ్ల కిందట ఆకాశంలోంచి ఒక గ్రహశకలం వచ్చి భూమిని గుద్దింది. లేచిన దుమ్ము లోకమంతా కమ్మి, మెల్లగా దిగి నీళ్ల అడుగున పరుచుకుంది. దాని మీద మట్టి మేట వేసి, వేసి, రాయి అయింది. ఆ దుమ్మే ఈ గీత. అందులోని ఇసక రేణువుల మీద ఒకదాన్నొకటి కోసుకుంటూ సన్నటి చారలుంటాయి. అంతటి దెబ్బ తగిలితే తప్ప అలాంటివి పడవు. అవి చూపిస్తేనే ఆవిడ పీహెచ్‌డీ నిలుస్తుంది. గడువు డిసెంబరు. దాటితే ఏడేళ్ల కష్టం రద్దు.

"ఎంతుంటదండీ ఆ వచ్చిన రాయి?"

"పది కిలోమీటర్లు. ఇక్కణ్ణుంచి కంకిపాడు దాకా ఒకటే రాయి అనుకోండి."

హుమాయూన్ అనుకున్నాడు. కానూరు, పోరంకి, పెనమలూరు, గంగూరు, బస్సు స్టాపులన్నీ కలిపి ఒకటే రాయి. అది వచ్చి గుద్దిన గుర్తును తను రెండు పూటల్లో లేకుండా చేశాడు. అంత పెద్ద యాక్సిడెంటును అంత శుభ్రంగా రిపేరు చేసిన మెకానిక్కు ఆటోనగర్‌లో ఇంకొకడు లేడు. సిగ్గుతో ఆయనకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మూడోదుండాలి కదండీ?" అన్నారావిడ.

"అది మరీ పాడైందని పారేశానండీ. గీత మరీ లావు."

ఇద్దరూ ఇనప రజను తొట్టిలో చేతులు పెట్టి వెతికారు. కనకవల్లి గారు కొంగు దోపుకుని మోచేతుల దాకా దిగారు. గంటకి దొరికింది. నూనె పట్టింది, ఒక మూల విరిగింది, గీత మాత్రం చెక్కుచెదరలేదు. హుమాయూన్ దాన్ని తుడిచి ఆవిడ చేతిలో పెట్టాడు.

"హైదరాబాదులో మిషన్లుంటాయి కదా, అక్కడికి పంపించండి మేడమ్ గారూ. నా చేతికివ్వకండి."

"అక్కడ వరసలో పెడితే మార్చి అవుతుందండీ. మీరే చెయ్యాలి." ఆవిడ కోపం దాచుకోలేదు. "చెప్పకపోవడం నా తప్పు. అడక్కపోవడం మీది."

తొమ్మిది రోజులు పట్టింది. మట్టిపొర మెత్తన, పక్కరాయి గట్టి, రెండూ సమంగా అరగాలి. పది తిప్పులకోసారి కడిగి చూసుకున్నాడు. చివరిరోజు చెయ్యి మాట వినలేదు. ఇంకొక్క రుద్దు రుద్దితే నునుపు తేలుతుందని లాగింది. ఆ ఒక్క రుద్దుకు పొర కాస్తా ఊడిపోతుందని తెలుసు. భయమేసి, పలక బల్ల మీద వదిలేసి రోడ్డు మీదికెళ్లి నిలబడ్డాడు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు.

కాలేజీలో కనకవల్లి గారు మైక్రోస్కోపు మీదికి వంగి ఎంతకీ లేవలేదు. లేచాక ఆయనకు కుర్చీ జరిపారు. హుమాయూన్ చూశాడు. ఒక ఇసక రేణువు. దాని మీద జల్లెడ బట్టలా అటూ ఇటూ చారలు.

"దెబ్బ గట్టిదేనండీ" అన్నాడు.

ఆవిడ నవ్వబోయి కళ్లు తుడుచుకున్నారు.

నవంబరులో థీసిస్ టైపుకు ఇచ్చేముందు ఆయన పేరు సరిగా రాశానో లేదో చూసుకోవడానికి షెడ్డుకు వచ్చారు. పలక తయారుచేసిన వ్యక్తి అని ఆయన పేరు వేశారు.

"మిగతా రెండింటి సంగతి రాశారా అండీ?"

"తయారీలో పోయాయని రాశాను. ఎవరి వల్లో రాయలేదు లెండి."

"ఈ పుస్తకం ఎవరు చదువుతారండీ?"

"ఈ పని చేసేవాళ్లంతా."

హుమాయూన్ చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు. "అయితే రాయండి. గీతను పగులనుకుని హుమాయూన్ అరగదీశాడని."

"మీ పేరు పోతుందండీ. ఇరవై రెండేళ్ల పేరు."

"పోనీండి. ఒక దెబ్బ గుర్తు చెరిపేసి మీకు ఇంత చేశాను. దీన్ని మీరు చెరపకండి."

ఆవిడ పెన్ను తీసి ఇంగ్లీషులో రెండు వాక్యాలు రాశారు. తెలుగులో చదివి వినిపించమన్నాడు. విన్నాక, తన పేరు పక్కన ఆటోనగర్ అని కూడా వేయించాడు.

"ఎవరైనా అడగడానికొస్తే దొరకాలి కదండీ" అన్నాడు.