అమ్మ ఎక్కిన ఓడ, నా రెండో కాన్పు

మా దీవుల్లో ఆ రోజుల్లో గోడ మీద క్యాలెండరు దేవుడి బొమ్మ కోసమే ఉండేది. రోజులు మాత్రం ఓడల్ని బట్టి నడిచేవి. ఫలానావాళ్ళ అమ్మాయి పెళ్ళి ఎప్పుడంటే "వైజాగ్ షిప్ వచ్చిన మర్నాడు" అనేవారు. ఉల్లిపాయలు, ఉత్తరాలు, చుట్టాలు, గొడుగులు అన్నీ ఒకే రేవులో దిగేవి, అన్నీ ఒకే తీరున ఆలస్యంగా దిగేవి. బ్రూక్షాబాద్‌లో కాపురం పెట్టిన నాలుగో ఏటికి నేనూ ఆ లెక్కకే అలవాటు పడిపోయాను. బళ్ళో పిల్లల చేత చైత్రం, వైశాఖం అని వల్లె వేయించేదాన్నే గాని, ఇంటికొస్తే నాకు మిగిలినవి రెండే కాలాలు: ఓడ రాకముందు, ఓడ వచ్చాక.

అలాంటి మనిషిని కూర్చోబెట్టి డాక్టరమ్మ, నెల తప్పింది ఎప్పటినుంచి అని అడిగింది. బంగాళాదుంపల ఓడ వచ్చిన వారం నుంచి అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు. అక్కడి గర్భిణులందరూ ఆవిడకు ఓడల్లోనే జవాబులు చెప్పేవారు. ఆ ఓడ ఏ తారీఖున వచ్చిందో పక్కనే నిలబడ్డ మా ఆయన్ని అడిగింది. ఆయన హార్బరు ఆఫీసులో గుమాస్తా కాబట్టి ఠక్కున చెప్పారు. దాన్నిబట్టి పురిటి రోజు కట్టేశారు. నిజానికి నేను చెప్పవలసింది ఉల్లిపాయల ఓడ. అది అంతకు ముందు నెల వచ్చింది. బంగాళాదుంపలు వచ్చేసరికే, అవి ఉడికే వాసనకు నాకు కడుపులో తిప్పడం మొదలైంది. మరి ఆ సంగతి అప్పుడెందుకు తట్టలేదంటే ఏం చెప్పను. అందరికీ నెలే తప్పుతుంది, నాకు నెలతో పాటు లెక్కా తప్పింది.

పొట్ట పెద్దదిగా ఉందని ఆసుపత్రిలో అంటే బిడ్డ బొద్దుగా ఉంటుంది కాబోలు అనుకున్నాను. నేను అక్క వరసన అప్పా అని పిలిచే మా పక్కింటావిడ కవలలని తేల్చేసింది. ఇద్దరికీ చాలినన్ని బొంతలు కూడా కుట్టింది.

ఇక అమ్మ సంగతి. నా తొలి కాన్పు అనకాపల్లిలో అమ్మ దగ్గరే జరిగింది. అది నొప్పుల్లోకెల్లా సాగతీత నొప్పి. అంతసేపూ అమ్మ చెయ్యి పట్టుకుని వదల్లేదు. నేను పట్టిన పట్టుకి ఆ తర్వాత కొన్నాళ్ళు ఆవిడ ఆ చేత్తో పప్పు రుబ్బలేకపోయింది. ఈసారి ఆ చెయ్యి లేకుండా కనడం నా వల్ల కాదని నాకు గట్టిగా అనిపించేది. పైకి మాత్రం వేళాకోళంగానే మాట్లాడేదాన్ని. ప్రవాసానికీ ప్రసవానికీ అక్షరాలు అటూ ఇటూ మారడమే తేడా, పైగా ఒక దీర్ఘం తగ్గుతుంది, ఈసారి త్వరగానే అయిపోతుందిలే అని బళ్ళో తోటి టీచర్లతో అనేదాన్ని. వాళ్ళు నవ్వేవారు. ఇంటికొచ్చి తలుపేసుకున్నాక మాత్రం ఆ దీర్ఘమే గుర్తొచ్చేది.

మలి కాన్పు అత్తవారింట చేయడం మా వైపు ఆనవాయితీ. కాని మా అత్తగారు నా పెళ్ళినాటికే లేరు. అనకాపల్లి వెళ్దామా అంటే నెలలు నిండినవాళ్ళని ఓడ ఎక్కనిచ్చేవారు కారు. కాబట్టి అమ్మే రావాలి. శారదా నది కన్నా ఎక్కువ నీళ్ళు ఎప్పుడూ చూడని మనిషి. పండగకి ఆ నదిలో స్నానం చేసినా మోకాలు దాటి దిగేది కాదు. ఆవిడ మూడు రోజుల సముద్ర ప్రయాణానికి ఒప్పుకుంది. పురిటికి నెల ముందే వచ్చే ఓడ ఎక్కుతానని, తను వచ్చేదాకా నన్ను జాగ్రత్తగా ఉండమని రాసింది. ఆ ఓడ కోసం నేను రోజులు లెక్కపెట్టుకున్నాను. నా లెక్కల సంగతి చెప్పాను కదా.

ఓడ విశాఖలో బయల్దేరిందని మా ఆయన కబురు తెచ్చిన రోజునే అప్ప మా ఇంటికొచ్చి నా పెట్టె సర్దేసింది. అప్పది కళింగపట్నం దగ్గర సముద్రపు ఒడ్డు. మొగుడు చేపల వేటకు వెళ్తే తను ఆ చేపల్ని తట్టలో పెట్టుకుని ఇళ్ళమ్మట తిరిగి అమ్మేది. నన్ను టీచరమ్మా అని పిలిచేది, సొంత చెల్లెలికన్నా ఎక్కువగా గదమాయించేది.

"పురిటికి పుట్టింటి గుమ్మంలోంచి ఎల్లాల. నీ పుట్టిల్లు సంద్రానికి ఆపక్కుంది. మా ఇల్లు ఈపక్కుంది. ఏదైతే ఏటి," అంది.

అలా నేను మా రెండిళ్ళ మధ్య కాలవ దాటి పుట్టింటికి చేరాను. అప్ప నాకు ఆకుపచ్చ గాజులు వేసి, ముతక నూలు చీర పెట్టి, పీట మీద కూర్చోబెట్టి పులుసన్నం తినిపించింది. మా ఆయన కాలవకు అవతల నిలబడి, అల్లుడు ఎప్పుడు రావచ్చని అడిగారు. పిలిచినప్పుడు రమ్మంది అప్ప. నేను మాత్రం ప్రతిదానికీ, మా అమ్మ వస్తోందిగా అప్పా, ఇంత శ్రమ నీకెందుకు అంటూనే ఉన్నాను. ఆ మాట ఆవిడకు ఎలా తగిలిందో ఆలోచించే తీరిక నాకు లేదు. రానీ, అనేది ఆవిడ, గిన్నెలు తోముకుంటూ.

ఓడ వచ్చే రోజు పొద్దున్నే మా ఆయన మూడేళ్ళ పెద్దపిల్లని భుజాన వేసుకుని జెట్టీకి వెళ్ళిపోయారు. అప్ప పెరట్లో చేపలు కడుగుతోంది. నాకు నడుములో పోటు మొదలైంది. రాత్రి తిన్న పనసతొనల మీదికి తోశాను. అప్ప కూడా పనసతొనలనే తిట్టింది. ఇంకా నెలుంది గదా, ఉత్తుత్తి నొప్పులమ్మా ఇవి అని జీలకర్ర కషాయం ఇచ్చింది. కషాయం గ్లాసు చేతిలో ఉండగానే ఉమ్మనీరు పోయింది. ఇద్దరం నేలవంక చూశాం, తర్వాత ఒకరివంక ఒకరు చూసుకున్నాం.

"ఒలమ్మ, ఇవి పనసతొనలు కాదు," అంది అప్ప.

రోడ్డు మీదికి పరుగెత్తి, రేకులు వేసుకుని ఊళ్ళోకి పోతున్న జీపుని ఆపింది. డ్రైవరు భయ్యా రాంచీ వైపు మనిషి, నెమ్మదస్తుడు. రేకులు దించి నన్ను ఎక్కించారు. ఆయన నాకు కుదుపు తగలకూడదని ఆస్టినాబాద్ మలుపుల్లో ఎడ్లబండికన్నా నిదానంగా పోయాడు. మలుపు మలుపుకీ వెనక్కి తిరిగి, దీదీ, ఠీక్ హై నా అని అడిగేవాడు. ఠీకే గాని నువ్వు ముందుకు చూడు భయ్యా, జల్దీ చలో అని అప్ప అరిచేది. డైరీ ఫార్మ్ దగ్గర రోడ్డుకడ్డంగా ఆవులు నిలబడ్డాయి. ఆయన హారన్ కొట్టలేదు. కొడితే నేను ఉలిక్కిపడతానట. అప్పే దిగి వాటిని తోలింది.

ఆసుపత్రి గుట్ట మీద ఉండేది. నన్ను పడుకోబెట్టిన మంచం పక్క కిటికీలోంచి సముద్రం కనిపించేది. కాస్త దూరంలో, కదలకుండా, తెల్లగా ఒక ఓడ.

అదేనమ్మా వైజాగ్ షిప్ అంది అప్ప. జెట్టీలో ఇంకో ఓడ సామాను దించుతోందట, అది కదిలితేగాని దీనికి చోటు లేదు. అంటే మా అమ్మ అక్కడ ఉంది, నాకు కనబడేంత దూరంలో, లంగరేసుకుని. కేకేస్తే వినబడదు. ఆ మాటకొస్తే కేకలు వేస్తూనే ఉన్నాను.

డాక్టరమ్మ వచ్చి చూసి, నెలలు పూర్తిగా నిండాయని చెప్పింది. ఏ ఓడ అన్నావమ్మా నువ్వు అని మళ్ళీ అడిగింది. నొప్పికీ నొప్పికీ మధ్య ఆలోచించి, ఉల్లిపాయలది కాబోలు అన్నాను. ఈసారి ఆవిడ నవ్వింది.

నొప్పి వచ్చినప్పుడల్లా కిటికీవైపు చూసేదాన్ని. కాస్త ఆగమని లోపలి బిడ్డను బతిమాలేదాన్ని. కాస్త కదలమని బయటి ఓడను బతిమాలేదాన్ని. రెండూ నా మాట వినలేదు. ఆగమన్నది కదులుతోంది, కదలమన్నది ఆగింది. ఓడతో పందెం వేసుకుంటే ఓడక తప్పదని అప్పుడైనా తెలియాలి. తెలుగు టీచర్ని కదా, అలాంటి వేళ కూడా ఇలాంటి మాటలే తోచాయి. కాని అది తోచిన మరుక్షణం ఏడుపొచ్చింది. భయం అప్పటిదాకా హాస్యం చాటున దాక్కుంది, ఇక దాక్కోలేకపోయింది.

"అమ్మ వచ్చేదాకా నేను కనను అప్పా," అన్నాను.

"మానీ. కనకు. అది నిన్నడిగి వొత్తాదేటి," అంది అప్ప. తర్వాత నా జుట్టు వెనక్కి తోసి, చెయ్యి చాపింది. "మీ యమ్మ సెయ్యి వచ్చినప్పుడు వొత్తాది. ఈలోపు ఇది పట్టుకో. వల లాగిన సెయ్యి, ఇరిగిపోదు."

పట్టుకున్నాను. చేపల వాసన, ఉప్పు, గరుకు. ఆ చెయ్యి విరగలేదు సరే, అది విరుగుతుందేమోనన్న భయం కూడా లేకుండా పట్టుకోగలిగాను. అమ్మ చెయ్యి అంత గట్టిగా పట్టుకున్నా ఆ మాత్రం మొహమాటం ఉండేది. అప్ప దగ్గర నాకు ఏ మొహమాటమూ మిగల్లేదు. మధ్యాహ్నం దాటాక ఎప్పుడో కళ్ళు తెరిచి చూస్తే కిటికీలో ఓడ లేదు. సముద్రం ఒక్కటే ఉంది. ఓడ పోయింది అప్పా అన్నాను. పోలేదమ్మా, జెట్టీలోకి వొత్తంది అంది.

కాసేపటికి వరండాలో మా ఆయన గొంతు, ఆ వెనకాల సిస్టరు గొంతు వినిపించాయి. తలుపు తెరుచుకుంది. మా అమ్మ లోపలికొచ్చింది. అడుగు ఎడమకు వేస్తే కుడికి పడుతోంది. మొహం తెల్లగా పాలిపోయింది, కొప్పు విడిపోయింది, చేతిలో ఖాళీ మరచెంబు. నావైపు రెండడుగులు వేసి ఆగి, నా మంచం ఇనపకోడు పట్టుకుంది.

"ఒసే, ఇక్కడ కూడా ఊగుతోందేమిటే," అంది.

సిస్టరు ఆవిణ్ణీ నన్నూ మార్చి మార్చి చూసి, ఇందులో పేషెంటు ఎవరని హిందీలో అడిగింది.

"ఊగట్లేదమ్మా," అన్నాను. "ఇది నేలే. కళ్ళు మూసుకో. నా చెయ్యి పట్టుకో."

అమ్మ పట్టుకుంది. నాకు ధైర్యం చెప్పడానికి మూడు రోజులు సముద్రం మీద వచ్చిన చెయ్యి నన్నే ఊతం చేసుకుంది. దాన్ని నిమురుతూ, భయపడకు, ఇంకాసేపట్లో తగ్గిపోతుంది, ఊపిరి గట్టిగా తీసుకో అని చెప్తున్నాను. అవన్నీ తొలి కాన్పులో ఆవిడ నాకు చెప్పిన మాటలే. అది తట్టేసరికి నాకు నవ్వొచ్చింది. అమ్మ వచ్చిందని చూసి అప్ప మెల్లగా తన చెయ్యి వెనక్కి తీసుకోబోయింది. నేను వదల్లేదు. ఇటు అమ్మ, అటు అప్ప, మధ్యలో నేను నవ్వుతూ, మూలుగుతూ. హసో మత్, జోర్ లగావో అని సిస్టరు కసిరింది. నవ్వు ఆపుకోలేకపోయాను, జోరు మాత్రం లగాయించాను. అమ్మ కళ్ళు తెరిచేసరికి బిడ్డ బయట ఉంది.

ఆడపిల్ల. ఒక్కతే. అప్ప ఇంకోటి ఉందేమో చూడమని సిస్టరుని రెండుసార్లు అడిగింది.

అమ్మని నా పక్క మంచం మీద పడుకోబెట్టి నిమ్మరసం తాగించారు. ఆవిడ పడుకున్నచోటి నుంచే మనవరాల్ని చూసి, ఇదీ నీ ముక్కే, ఏం చేస్తాం అంది. తర్వాత తల తిప్పి అప్పని చూసింది. అప్ప వేళ్ళు కమిలి ఎర్రగా ఉన్నాయి. అమ్మ తన చెయ్యి చూసుకుంది, మళ్ళీ అప్ప చెయ్యి చూసింది.

"నీకూ అయిందా తల్లీ," అంది. "కొబ్బరినూనె రాసుకో. నాలుగు రోజులు రుబ్బురోలు ముట్టుకోకు."

అప్పటినుంచి వాళ్ళిద్దరూ ఒకటైపోయారు. బిడ్డకు నీళ్ళు ఎవరు పోయాలన్న తగువు మొదటి రోజే తేల్చుకున్నారు: కాళ్ళ మీద పడుకోబెట్టుకునేది అప్ప, నీళ్ళు పోసేది అమ్మ. పాలు పడటానికి నాకు పాలసొర చేప కూర పెట్టాలని అప్ప, కారం తగ్గించాలని అమ్మ. నన్నడిగినవాళ్ళు లేరు.

మూడు నెలలు ఉండి వెళ్తానని వచ్చింది అమ్మ. తిరుగు ఓడ కబురు వచ్చినప్పుడల్లా ఏదో ఒకటి అడ్డొచ్చేది. చంటిదానికి మెడ నిలవలేదనేది. నిలిచాక పళ్ళు రానీ అనేది. పళ్ళు వచ్చాక వానాకాలం సముద్రం మంచిది కాదనేది. వానలు వెలిశాక కూడా ఆవిడకి సముద్రం మంచిగా కనిపించలేదు. అమ్మ సమయానికి వస్తుందా అని నేను పడ్డ బెంగ అంతా పోయి, ఆవిడ ఎప్పుడైనా వెళ్తుందా అని మా ఆయన ఓడల రాకపోకలు కంఠస్థం చేయడం మొదలుపెట్టారు. ఇంట్లో ఉన్నవి రెండు గదులు, అందులో ఒకటి పూర్తిగా తన అత్తగారిది అయిపోయిందని ఆయన బాధ.

చివరికి అమ్మ వెళ్ళిన రోజున, తను కళ్ళు తెరిచేదాకా కూడా ఆగని చంటిది అప్ప వేలు పట్టుకుని జెట్టీ మీద తప్పటడుగులతో ఓడ నిచ్చెన దాకా నడిచొచ్చి సాగనంపింది. అమ్మ దాన్ని ముద్దాడి, అల్లం ముక్క బుగ్గన పెట్టుకుని, దేవుళ్ళందరినీ తలుచుకుంటూ నిచ్చెన ఎక్కింది. సగం ఎక్కాక రెయిలింగు పట్టుకుని నావైపు తిరిగింది. అంతమందిలో, తెలుగువాళ్ళందరికీ వినబడేలా చెప్పింది.

"మూడోది గానీ ఉంటే నాకు కబురు పెట్టకే. దాన్నే అనకాపల్లి తీసుకొచ్చి చూపించు."