ఫింటన్ గెరటీ గురువారం చావులు

మా ఆఫీసులో ఫింటన్ గెరటీ ప్రతి గురువారం చచ్చిపోయేవాడు. ఉదయం తొమ్మిది నలభైకి చచ్చి, సాయంత్రం అయిదింటికి లేచి, కోటు తొడుక్కుని, "ఇవాళ నా గురించి ఎవరైనా మంచి మాట అన్నారా?" అని అడిగి ఇంటికెళ్ళేవాడు. మిగతా నాలుగు రోజులూ మామూలు మనిషే. కంప్యూటరు ప్రోగ్రాములు రాసేవాళ్ళలో మామూలు మనిషంటే, టీ కప్పు కీబోర్డు మీద పెట్టి కీబోర్డు కోసం వెతికే రకం.

దీనికంతటికీ కారణం డబ్లిన్‌లోని మా పెద్దాఫీసు వాళ్ళు అడిగిన ఒక ప్రశ్న అని ఆయనే చెప్పేవాడు. "రేపు నువ్వు బస్సు కింద పడితే ఈ ప్రోగ్రాము సంగతి ఎవరు చూస్తారు?" అని అడిగారట. మా పనిలో ఇది అందరూ అడిగే ప్రశ్నే. అందరూ నవ్వి ఊరుకుంటారు. ఫింటన్ మాత్రం కూర్చుని ఆలోచించాడు. మా ఊరు కిల్‌వారిన్‌కి బస్సు వారానికి ఒక్కసారే వస్తుంది. గురువారం, పెన్షన్ ముసలమ్మల్ని కాసిల్‌బార్ పట్నానికి తీసుకెళ్ళడానికి.

"కాబట్టి పడితే గురువారమే పడాలి," అన్నాడు ఫింటన్. "మిగతా రోజుల్లో నాకు చచ్చే వీలు లేదు."

మాంసం కొట్టు పైన రెండు గదులే మా ఆఫీసు. ఏ పాల లారీ ఏ రైతు ఇంటికి ఏ వరసలో వెళ్ళాలో రోజూ జాబితా తయారుచేసే ప్రోగ్రాము మాది. పద్నాలుగు లారీలు, మూడు వందల మంది రైతులు. జాబితా తప్పితే లారీ రాదు, లారీ రాకపోతే ట్యాంకు పొంగుతుంది, ఆవులు మాత్రం ఆగవు. ఆ ప్రోగ్రాము మొత్తం రాసింది ఫింటనే. ఆయన కాక మా పై అధికారి అట్రాక్టా గారు, 1998 తర్వాత కొత్త సంగతి ఒక్కటీ నేర్చుకోనని పట్టుబట్టిన మాలకీ బాబాయ్, ఫోన్లు ఎత్తడానికి నేను.

నాకప్పుడు పద్దెనిమిదేళ్ళు. పదహారో ఏట నేను బడిని వదిలేశానో బడే నన్ను వదిలేసిందో మా అమ్మమ్మకీ నాకూ ఇప్పటికీ వాదనే. ఉద్యోగం మూడు నెలల గడువు మీద ఇచ్చారు. ఆ తర్వాత ఉంచాలో పంపాలో డబ్లిన్ వాళ్ళు తేలుస్తారు. పంపితే వెస్ట్‌పోర్ట్ హోటల్లో పక్కలు పరచడమే నాకు గతి. మా ఇంట్లో నా పక్క నేనే పరుచుకోను.

నేను చేరిన మొదటి గురువారం. బస్సు కిటికీ కింద నుంచి వెళ్ళింది. ఫింటన్ గడియారం చూసి, బూట్లు విప్పి, గోధుమరంగు సోఫా మీద పడుకుని, చేతులు గుండె మీద పెట్టుకున్నాడు.

"నేను పోయాను," అన్నాడు.

"ఎక్కడికి?" అన్నాను.

ఆయన కళ్ళు మూసుకున్నాడు. అంతలో ఫోన్ మోగింది. జార్లత్ అనే రైతు.

"అమ్మాయ్, నాలుగో లారీ డ్రైవరు మా సరస్సు ఒడ్డున నిలబడి ఉన్నాడు. తర్వాతి పొలం నీళ్ళ మధ్యలో ఉందని మీ జాబితా చెబుతోందట. ఈతకి వెళ్ళమంటారా వాణ్ణి? ఫింటన్‌ని పిలు."

"ఆయన చనిపోయారండీ."

"ఎప్పుడు?"

"తొమ్మిది నలభైకి."

"అయ్యో దేవుడా. నిన్న సాయంత్రం కూడా బాగానే ఉన్నాడే."

అరగంటలో జార్లత్ నల్ల టై కట్టుకుని, చావింటికి తీసుకెళ్ళే ప్రార్థన కార్డు, ఆపిల్ టార్టు పట్టుకుని మెట్లెక్కి వచ్చాడు. సోఫా ముందు మోకరిల్లాడు. కళ్ళు మూసుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి శవం టార్టు తింటోంది.

"చచ్చినవాడు తినొచ్చా?" అని మాలకీ బాబాయ్‌ని అడిగాడు జార్లత్.

"తినొచ్చట. మాట్లాడకూడదట. రూలు వాడిదే."

లారీ మాత్రం ఇంకా సరస్సు ఒడ్డునే ఉంది. మాలకీ బాబాయ్‌ని అడిగితే "అది నా తర్వాత పుట్టిన ప్రోగ్రాము, నాకు చుట్టరికం లేదు" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. చేరి నాలుగు రోజులు కాలేదు, ఉద్యోగం పోయేలా ఉంది, దాన్ని కాపాడగలిగిన ఒక్క మనిషీ టార్టు తిని నోరు తుడుచుకుని మళ్ళీ చచ్చాడు. సోఫా పక్కన నేల మీద కూర్చుని, ప్రోగ్రాము తెరిచి, అర్థం కాకపోయినా ఒక్కో వరసా పైకి చదవడం మొదలుపెట్టాను. తిట్లు మధ్యమధ్య నేనే కలిపాను.

అలా చదువుతుంటే కనబడింది. ఫింటన్ కుడికాలి సాక్సుకి చిల్లు. చిల్లులోంచి బొటనవేలు. నేనొక వరస చదవగానే ఆ వేలు కొద్దిగా ఎగిరింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. మళ్ళీ ఎగిరింది. ఆ వరసని పట్టుకుని చూస్తే, ఎవరో జార్లత్ పొరుగు పొలాన్ని మ్యాపులో గుర్తుపెట్టేటప్పుడు రెండు అంకెలు తారుమారు చేశారు. సరిచేశాను. లారీ కదిలింది. శవం ముఖం చూస్తే ఏమీ ఎరగనట్టుంది.

అప్పటి నుంచి గురువారం నా గురువు ఆ బొటనవేలే. పాపం, తన వేలు తనని పట్టిస్తోందని ఆయనకి తెలియదు కదా అని లోలోపల తెగ మురిసిపోయేదాన్ని. ఈ రహస్యం మా అమ్మమ్మకి కూడా చెప్పలేదు.

అమ్మమ్మ పేరు డీలియా. మా చుట్టుపక్కల ఎవరు పోయినా వాళ్ళింట్లో హామ్ శాండ్‌విచ్‌లు కోసేది ఆవిడే. రెండో గురువారం నేను మరిచిపోయిన డబ్బా ఇవ్వడానికి వచ్చి, సోఫా మీద పడుకున్న మనిషిని చూసింది. ఒక్క ప్రశ్న అడగలేదు. గడియారం ఆపింది. చావింట్లో చేసినట్టే అద్దానికి తువ్వాలు కప్పింది. ఆత్మ బయటికి పోవడానికి కిటికీ బార్లా తెరిచింది. ఫిబ్రవరి నెల. శవానికి రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

"అమ్మమ్మా, ఆయన బతికే ఉన్నాడు," అన్నాను.

"తెలుసు. అయినా పద్ధతంటూ ఒకటుంటుంది," అని కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇక పోయినవాడి గురించి నాలుగు మంచి మాటలు చెప్పాలి కదా. "మంచివాడు. తల్లిని వదిలి వెళ్ళలేదు. చర్చికి రాడు గానీ చర్చి గేటుకి రంగు వేస్తాడు." శవం పెదవుల మీద చిరునవ్వు పాకింది. "కాకపోతే క్రిస్మస్‌కి నా మాంసం గిన్నె పట్టుకెళ్ళి ఇంతవరకూ తిరిగివ్వలేదు. నీలం గిన్నె. మూతతో సహా."

శవం చెవులు ఎర్రబడ్డాయి.

ఆ తర్వాత ప్రతి గురువారం అమ్మమ్మ శాండ్‌విచ్‌లతో వచ్చేది, కిటికీ తెరిచేది, ఆయన్ని పొగిడేది, చివర గిన్నె సంగతి ఎత్తేది. సాయంత్రం అయిదింటికి లేవగానే ఫింటన్ మొదటి మాట, "తెస్తాను పెద్దమ్మా, రేపే తెస్తాను."

"రేపు శుక్రవారం. బతికున్నప్పుడు నువ్వు మాట నిలబెట్టుకోవు నాయనా," అనేది అమ్మమ్మ.

మూడు నెలలు నిండాయి. డబ్లిన్ నుంచి ఉత్తరం వచ్చింది. నన్ను ఉంచారు. ఆ మరుసటి గురువారం చూస్తే ఫింటన్ సాక్సుకి చిల్లు లేదు. పసిగట్టేశాడు, దొంగ, అనుకున్నాను. కాని అప్పటికి నాకు వేలు చూడవలసిన అవసరం అంతగా ఉండేది కాదు. ఆయన మాత్రం చావడం మానలేదు. శాండ్‌విచ్‌లు రుచి మరిగాడని మాలకీ బాబాయ్ అనేవాడు. అలా రెండేళ్ళు.

తర్వాత ఏప్రిల్లో ఒకరోజు పొద్దున్నే అట్రాక్టా గారు ఫోన్ చేసి, "ఫింటన్ పోయాడమ్మా," అన్నారు.

"ఇవాళ మంగళవారం కదండీ," అన్నాను నేను.

గుండె. ఇంటి వెనక ఉల్లినారు నాటుతూ ఒరిగిపోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు. ఆయనకీ తెలియదు, డాక్టర్లకీ తెలియదు. ఊళ్ళో ఒక్కరు నమ్మితే ఒట్టు. జార్లత్ అయితే, "ఈసారి నేను టార్టు తేను, నన్నింకోసారి వెర్రివాణ్ణి చెయ్యలేరు," అని ఫోన్ పెట్టేశాడు. సాయంత్రం రెండు టార్టులతో వచ్చాడు.

ఖననం గురువారం పదకొండింటికన్నారు. ఆ మాట వినగానే అమ్మమ్మ, "చివరికి రోజు కుదిరింది," అంది.

చిక్కు బుధవారం వచ్చింది. పద్నాలుగు మంది లారీ డ్రైవర్లూ ఫింటన్ ఇంటి వంటగదిలో టోపీలు చేతుల్లో పట్టుకుని నిలబడ్డారు. అందరూ చర్చికి రావాలంటారు. పాలు మాత్రం అందరి ఇళ్ళ నుంచీ ఎత్తాలి. ప్రోగ్రాముకి ఆదివారం తెలుసు, క్రిస్మస్ తెలుసు, వరద తెలుసు. పద్నాలుగు లారీలూ ఒకేసారి రెండు గంటలు ఆగడం దానికి తెలియదు. తప్పు జరిగితే మూడు వందల ఇళ్ళ పాలు కాలవలోకి పోతాయి. చెయ్యకపోతే ఫింటన్‌ని మొయ్యడానికి వాళ్ళు ఉండరు.

"ఇదెవరు చేస్తారు?" అన్నారు అట్రాక్టా గారు. అందరూ నా వైపు చూశారు. నేను అలవాటుగా, ఫింటన్ ఉన్న పక్క గది వైపు చూశాను.

కంప్యూటరు తీసుకుని ఆ గదిలోకే వెళ్ళి, శవపేటిక పక్కన నేల మీద కూర్చుని, ఒక్కో వరసా పైకి చదివాను. తిట్లు తగ్గించాను, ఎంతైనా జపమాల తిప్పుతున్న పెద్దవాళ్ళు ఉన్నారు. మధ్యలో రెండుసార్లు ఆయన కాళ్ళ వైపు చూశాను. వాళ్ళమ్మ నల్ల బూట్లు తొడిగి తళతళ మెరిసేలా పాలిష్ చేసింది. ఆ దారి మూసుకుపోయింది. సరే, నీ ఇష్టం అనుకుని చదివాను. ఎక్కడ పట్టుకోవాలో తెలిసింది. దూరపు పొలాలు ముందుకి జరిపాను, దగ్గరవి వెనక్కి జరిపాను, ఇరవై ముగ్గురు రైతులకి ఫోన్ చేసి రెండు గంటలు ఓపిక పట్టమన్నాను. ఒక్కరూ కాదనలేదు.

గురువారం పదకొండింటికి చర్చి వెనక పద్నాలుగు పాల లారీలు కడిగి వరసగా నిలబడ్డాయి. బస్సు కూడా అక్కడే ఆగింది. పెన్షన్ ముసలమ్మలు దిగిపోయి, ఇవాళ కాసిల్‌బార్ వెళ్ళేది లేదన్నారు. ఇన్నాళ్ళూ దాని కింద పడతానని బెదిరించిన మనిషి కోసం ఆ బస్సు డ్రైవరు టోపీ తీసి నిలబడ్డాడు. సాయంత్రానికి ఒక్క చుక్క పాలు కూడా ఎక్కడా ఒలకలేదు.

ఆ సాయంత్రం ఫింటన్ ఇంట్లో టీ తాగుతూ అట్రాక్టా గారితో గర్వంగానే అన్నాను. "డబ్లిన్ వాళ్ళడిగిన బస్సు ప్రశ్నకి ఇవాళ జవాబు దొరికినట్టే కదండీ."

"ఏ బస్సు ప్రశ్న?" అన్నారావిడ.

"ఆయన బస్సు కింద పడితే ఎవరు చూస్తారని అడిగారు కదా."

"డబ్లిన్ వాళ్ళు బస్సు గురించి ఏమీ అడగలేదమ్మా. వాళ్ళు మాట్లాడింది నీ గురించి. బడి కాగితం లేని పిల్లని గడువు కాగానే పంపెయ్యమన్నారు. ఫింటన్ ఊరుకోలేదు. 'వారంలో ఒకరోజు నేను లేకుండా ఆ పిల్లే నడిపితే ఉంచుతారా?' అన్నాడు. ఉంచుతాం, కాని ఆ రోజు నువ్వు ఒక్క మాట కూడా చెప్పకూడదన్నారు. ఆ షరతు మీద మూడు నెలలూ గురువారం పనివేళ నోరు విప్పలేదు. నీకు ముందే చెబితే బెదిరిపోతావని బస్సు కథ అల్లాడు."

నేను కప్పు కింద పెట్టాను. మాట చెప్పకూడదన్నారు. బొటనవేలు గురించి ఎవరూ ఏమీ అనలేదు.

అప్పుడే ఫింటన్ వాళ్ళమ్మ నీలం గిన్నె తెచ్చి అమ్మమ్మ చేతిలో పెట్టింది. "వాడి గదిలో దొరికింది డీలియా. విచిత్రం మనిషమ్మా వాడు. నువ్వు శాండ్‌విచ్‌లు తీసుకెళ్ళడం మొదలుపెట్టిన రోజుల్లో, నేను ప్రతి ఆదివారం సాక్సు కుట్టిపెడితే గురువారం పొద్దున కత్తెర పెట్టి కుడికాలి సాక్సు కోసేవాడు. ఎందుకురా అంటే, 'గాలి ఆడాలమ్మా' అనేవాడు."

ఆయన్ని నేను మోసం చేస్తున్నానని మూడు నెలలు మురిసిపోయాను. ఇంత తెలివిగా ఇంకెవరూ నన్ను వెర్రిదాన్ని చెయ్యలేదు. నవ్వొచ్చింది. అమ్మమ్మ గిన్నెని అటూ ఇటూ తిప్పి చూసింది.

"మూత ఏదీ?" అంది.

ఇది జరిగి ఏడాదయింది. ఈమధ్య డబ్లిన్ వాళ్ళు మాలకీ బాబాయ్ మీద పడ్డారు. కొత్త ప్రోగ్రాము రాని మనిషి మనకెందుకని. ఆయనకి పెన్షన్‌కి ఇంకా అయిదేళ్ళుంది. నేను వాళ్ళతో ఒకటి రెండు మాటలు మాట్లాడాను. ఇంటికొచ్చి కత్తెర వెతుక్కున్నాను.

పోయిన గురువారం బస్సు వెళ్ళింది. నేను బూట్లు విప్పి గోధుమరంగు సోఫా మీద పడుకుని, "నేను పోయాను బాబాయ్," అన్నాను.

"నువ్వు కూడానా పిల్లా," అని మాలకీ బాబాయ్ గొణుక్కుంటూ నేల మీద కూర్చుని, కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో వరసా పైకి చదవడం మొదలుపెట్టాడు. అమ్మమ్మ వచ్చి గడియారం ఆపింది. కిటికీ బార్లా తెరిచింది. కుర్చీ లాక్కుని కూర్చుంది.

"మంచి పిల్ల," అంది. "ఒక్క గిన్నె కడిగి ఎరగదు."

చల్లగాలికి నా బొటనవేలు ఎగిరింది. మాలకీ బాబాయ్ దాన్ని చూశాడు, తెర వైపు చూశాడు, "ఓహో, ఇక్కడా!" అన్నాడు.

నేనేమీ సైగ చెయ్యలేదు. కాని ఆ రోజు జాబితాలోని తప్పు నిజంగానే ఆ వరసలోనే ఉంది.