ఆగడం నేర్చిన పడవ

నాన్నను సముద్రం తీసుకున్న రోజున ఆయన పడవ మాత్రం ఇంటికి వచ్చింది. చుక్కాని కట్టేసి ఉంది. తెరచాప నిండా గాలి ఉంది. మనిషి లేడు. భోగాపురం దిగువన ఏరు సముద్రంలో కలిసే మొగలోకి అది ఎప్పటిలాగే వచ్చి ఇసుకను తాకింది. మనిషి జారిపడినా, గాలి ఉన్నంతసేపు తెరచాప పడవను లాక్కుపోతూనే ఉంటుంది. ఆయన దాని వెంట ఎంత దూరం ఈదాడో మాకు తెలియదు. ఊళ్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.

ఆ తరువాత అమ్మ ఆ తెరచాపను ఎత్తనివ్వలేదు. తమ్ముడు ఇతరుల పడవల్లో కూలికి వెళ్లేవాడు. నాన్న పడవ అడిగినప్పుడల్లా ఆమె జవాబు ఒక్కటే.

"అది మనిసిని వదిలీసి వచ్చీసిన పడవరా. నాను ఎక్కనివ్వను."

మా ఇంట్లో పట్టా పుచ్చుకున్న మొదటివాణ్ణి నేను. విద్యుత్ యంత్రాల చదువు మా ఇంటికి అక్కరకు వచ్చే సందర్భం ఇదేనని నాకు తోచింది. సెలవుల్లో నేనూ తమ్ముడూ తెరచాప కొయ్యను దించి, పడవ కడుపులో చిన్న ఎలక్ట్రిక్ మోటారును, దాని ముందు బ్యాటరీలను అమర్చాము. నీళ్లలో తిరిగి పడవను నెట్టే పంకా ఇరుసు కోసం వెనుక చెక్కకు కన్నం వేయవలసి వచ్చింది. చుక్క నీరు రాకుండా నాన్న జీవితమంతా కాపాడిన చెక్క అది. డ్రిల్లు దిగుతుంటే పొట్టులోంచి పాత చేపనూనె వాసన వచ్చింది.

మోటారు తిరిగాక తమ్ముడు నవ్వాడు.

"అన్నియ్యా, సప్పుడే నేదేటి? పడవకు మోటారా, అమ్మకి ఫ్యానా?"

ఒడ్డున నిలబడ్డ అమ్మ నవ్వలేదు. నేను ఆమెకు ఎర్ర తాడు చూపించాను. ఒక కొస నడిపేవాడి మణికట్టుకు, రెండో కొస మోటారు తాళానికి.

"మనిసి పడితే తాళం ఊడిపోద్దమ్మా. మోటారు ఆగిపోద్ది."

"సదువుకున్నోడివి, బాగానే సెప్తన్నావు. నాకు మాటలొద్దు," అని ఆమె తమ్ముడి వైపు తిరిగింది. "ఒరే, దూకి సూపించు."

తమ్ముడు మొగ మధ్యకు నడిపించుకుపోయి దూకాడు. పడవ కొద్దిగా ముందుకు సాగి, నిలిచి, అక్కడే ఊగుతూ ఉండిపోయింది. వాడు నాలుగు బారలు వేసి అంచు పట్టుకున్నాడు.

పడవ ఒడ్డుకు రాగానే అమ్మ చీర తడుస్తున్నా నీళ్లలోకి నడిచింది. తమ్ముడి వైపు చూడలేదు. పడవ ముక్కు మీద చెయ్యి వేసింది.

"ఒసే, ఇప్పుడు ఆగినావు. ఆవేళ ఎందుకు ఆగనేదే?"

ఇప్పుడు తమ్ముడు ఆ పడవలోనే వేటకు వెళ్తున్నాడు. తాడు అమ్మే కడుతుంది. ముడి ఎంత బిగువుగా వేస్తుందంటే, విప్పడానికి వాడు పళ్లు ఉపయోగించవలసి వస్తుంది. చప్పుడు లేని పడవ కనుక అది తిరిగి రావడం కనిపిస్తుందే గాని వినిపించదు. ఆమె ముందుగానే వచ్చి ఒడ్డున కూర్చుంటుంది. తమ్ముడు క్షేమంగా దిగి, వల భుజాన వేసుకుని ఇంటికి బయలుదేరిన తరువాత కూడా ఆమె లేవదు. అప్పుడు ఆమె చూపు పడవ మీద ఉండదు. దాని వెనుక నీళ్ల మీద ఉంటుంది.