పాస్తా సంగటి

ఒకే ఒక్క వంటకంతో, నెలలో, మా ఆవిడ సుగుణ చేత పది కేజీల బరువు తగ్గించిన మొనగాణ్ని నేను!

2003లో, బెంగళూరు పక్కన బొమ్మసంద్ర ఫ్యాక్టరీ నుంచి నేను రిటైరైన కొత్తలో, సుగుణకు గుండె ఆపరేషన్ అవసరమైంది. ముందు బరువు తగ్గాలన్నారు డాక్టరు. ఆవిడేమో చప్పిడి తిండి ముట్టనంది. నాకు నిద్ర పట్టలేదు.

"నూనె తక్కువేసి ఫిష్ పాస్తా చేయండి అంకుల్, లైట్‌గా ఉంటుంది" అంది పక్కింటి సాఫ్ట్‌వేర్ అమ్మాయి.

ముళ్లు తీసిన చేపముక్కలతో పాస్తా పొయ్యి మీద పెట్టాను. ఎంతసేపు ఉడకాలో అడగలేదు. గంటసేపు ఉడికించి, రాగిసంగటి చేసే అలవాటుకొద్దీ తెడ్డుతో గెలికాను. చేపా పాస్తా ఏకమై సంగటి తయారైంది! చేసేది లేక ముద్దలు కట్టి వడ్డించాను. సుగుణ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, పాపం, కన్నీళ్లు పెట్టుకుంది. అయినా తింది. ఆ నెలంతా అదే వండాను.

నిజానికి తగ్గింది పది కాదు, నాలుగు కేజీలు. ఆపరేషన్ మాత్రం బాగా జరిగింది.

నేను రాసిన ఇదంతా నా చేత చదివించుకుని సుగుణ అంది: "ఏమప్పా, తగ్గింది రెండే కేజీలు. ఏడ్చింది నేను కాదు, నువ్వు. నువ్వు ఏడుస్తా ఉంటే చూడలేక తింటి."