కారని విస్తరి మీద అనుమానం

మా అక్క కుడిచేయి పక్షవాతంతో పడిపోయిన ఏడాది నా డైరీలో ఆదివారాల పుటలన్నీ ఒకే తీరుగా ఉంటాయి. ఎన్ని విస్తళ్లు కుట్టింది, ఎన్ని కారాయి. అక్క మహబూబాబాద్‌లో ఒక సర్కారు బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండేది. వేసవి సెలవులు ముగిసేలోగా చేయి పనికి రాకపోతే మరొకరిని పెట్టుకుంటామని ప్రధానోపాధ్యాయురాలు ముందే చెప్పారు.

దవాఖానలో వ్యాయామానికని ఇచ్చిన రబ్బరు బంతిని అక్క మొదటి వారమే కిటికీలో పెట్టేసింది.

"బంతి పిసికితె ఏమొస్తది తమ్మీ? ఇస్తరి కుడితె ఇంత బువ్వన్న తినొచ్చు."

మోదుగాకులను మా బావ భూపాలపల్లి అవతల ఉన్న తన ఊరి నుంచి గోనెసంచిలో నింపి బస్సులో తెచ్చేవాడు. నేను జనగామ నుంచి ఆదివారం పొద్దుటి రైలుకు వెళ్లేవాణ్ణి. అక్క పది విస్తళ్లు ముందు పెట్టేది. ఒక్కొక్క దానిలో గ్లాసెడు నీళ్లు పోసి, గడియారం చూస్తూ ఐదు నిమిషాలు ఆగేవాణ్ణి. మొదటి మూడు ఆదివారాలూ పదికి పదీ కారాయి. నాలుగోసారి తొమ్మిది. ఐదోసారి మళ్లీ పది. ఆరు, ఏడు ఆదివారాల్లో తొమ్మిదేసి.

ఎనిమిదో ఆదివారం రెండే కారాయి.

నాకు సంతోషం కలగలేదు. ధాన్యం గోదాములో సరుకు సరిచూడటం నా ఉద్యోగం. నిల్వ దానంతట అది పెరగదు; పెరిగిందంటే అందులో ఎవరిదో చేయి ఉంటుంది. బావ చేతుల వైపు చూశాను. ఎడమ బొటనవేలి నిండా పుల్లలు గుచ్చుకున్న మచ్చలు.

"బావా, గీ ఇస్తర్లు ఎవరు కుట్టిన్రు?"

"ఇంకెవరు, మీ అక్కనే."

"మరి నీ వేలికి గా పోట్లేంది?"

"ఏంది బామ్మర్దీ, నేనేమన్న మీ గోదాంల బియ్యం బస్తనా, గిట్ల గుచ్చి గుచ్చి చూస్తున్నవ్?"

బావ నవ్వాడు. అక్క మాత్రం తల తిప్పుకుంది. ఆమె తల తిప్పుకోవడాన్ని కూడా ఆనాటి పుటలో రాసుకున్నాను.

మరుసటి వారం చెప్పకుండా శనివారం సాయంత్రమే వెళ్లాను. గేటు దగ్గరే ఆగిపోయాను. బావ వాకిట్లో కూర్చుని, తన కుడిచేతి వేళ్లను తువాలు పేలికతో బిగించి కట్టుకుని, ఆ మణికట్టు కింద ఆకును అదిమిపట్టి, ఎడమచేత్తో పుల్ల గుచ్చుతున్నాడు. ఎదురుగా అక్క.

"గట్ల కాదయ్యా, జర కిందికి వొత్తు."

"వొత్తిన. జారుతాంది."

ఆకు చిరిగింది. బావ దాన్ని పక్కనున్న కుప్పలోకి విసిరాడు.

దొంగ దొరికాడనుకుని లోపలికి నడిచాను. "గిదేంది బావా?"

జవాబు అక్క చెప్పింది. "రెండు చేతులున్నోళ్లకు ఒంటి చెయ్యి కుట్టుడు ఎట్ల ఎరుక తమ్మీ? నాకెవరు నేర్పుతరు? గందుకే మీ బావ చెయ్యి కట్టుకుంటడు. ముందు తను చెడగొడుతడు. దారి దొరికితె నాకు చూపెడుతడు."

"ఆ ఆకులన్ని ఏం చేస్తున్రు?"

"మీ బావ తింటడు అండ్ల. రోజు పచ్చిపులుసు లుంగి మీదికే."

నేను లెక్కపెట్టినవి ఆదివారాలు మాత్రమే. మిగిలిన ఆరు రోజుల ఓటమి కొట్టం మూలన నడుమెత్తు కుప్పై ఉంది. అయినా నా కళ్ల ముందు ఒకటి కుట్టమని అక్కను అడిగాను. పావుగంట పట్టింది. నీళ్లు పోసి ఐదు నిమిషాలు చూశాను, ఆ పైన మరో ఐదు. కారలేదు.

ప్రధానోపాధ్యాయురాలికి మాత్రం విస్తరి చాలలేదు. గంజి వంచాలి, మెతుకు పోకుండా, ఎవరూ చేయి వేయకుండా అన్నారు. బావ మళ్లీ వేళ్లు కట్టుకున్నాడు. పెద్ద గిన్నెలో నీళ్లూ గులకరాళ్లూ పోసి, మూతను తడిగుడ్డతో గిన్నె చెవులకు బిగించి, ఇటుక మీద వంచడం మొదలుపెట్టాడు. వాకిలి బురదైంది. మూత ఊడింది. రాళ్లు ఏరి మళ్లీ గిన్నెలో పోసే పని నాకు పడింది.

"ఇది ఎన్నోది?" అన్నాను.

"లెక్క నీదాయె, నన్నడుగుతవేంది?"

బడి తెరిచిన రోజు సెలవు పెట్టి వెళ్లాను. బావ లోపలికి దూరి సాయం పడతాడేమోనని అతని పక్కనే, వంటగది గోడకు ఇవతల నిలబడ్డాను. బావ చేతులు వెనక్కి కట్టుకుని గోడనే చూస్తున్నాడు. లోపల అక్క వంచుతున్న గిన్నె ఇటుకకు రాసుకున్న చప్పుడు వినిపించింది. కాసేపటికి గోడ కింది తూములోంచి తెల్లటి గంజి పొగలు కక్కుతూ బయటికి వచ్చింది.

"చూస్కో బామ్మర్దీ, మంచిగ చూస్కో," అన్నాడు బావ.

నేను వంగి, ధార ఆగేదాకా చూశాను. ఒక్క మెతుకు లేదు.