గోరింటాకు పెట్టుకున్న వేలు

దయ్యాలు, గాలి సోకడాలు నేనెప్పుడూ నమ్మలేదు. వార్డులో ఎవరైనా మంచానికి నిమ్మకాయ కడితే నేనే తీసి చెత్తబుట్టలో పారేస్తాను. కాబట్టి ఇది చదివి నాకే గాలి సోకిందని అనుకోకండి.

కోరుట్లలో ఒక చిన్న ఆసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో నేను నర్సును. మత్తు డాక్టరు జగిత్యాల నుంచి వస్తారు. మత్తులో ఉన్న మనిషి నాడి, ఆక్సిజన్ అంకెలు ఐదు నిమిషాలకోసారి చూసి రాయడం నా పని. మా మత్తు మిషన్ పాతది. దాని అలారం ఎప్పుడో పోయింది.

ఆ రోజు పొద్దున పదింటికి రెహానా బీ ఆపరేషన్. కొడిమ్యాల నుంచి వచ్చింది, బీడీలు చుడుతుంది, యాభై ఏళ్లుంటాయి. పిత్తాశయంలో రాళ్లు. చెల్లెలి కొడుకు పెళ్లికి పెట్టుకున్న గోరింటాకు వేళ్ల కొసలదాకా ఎర్రగా పండింది. అట్లాంటి వేలికి ఆక్సిజన్ కొలిచే క్లిప్పు పెడితే ఒక్కోసారి తప్పు అంకె చూపిస్తుంది. మాకది అలవాటే.

ఆపరేషన్ మధ్యలో, తొంభై ఐదు పైన ఉండాల్సిన ఆక్సిజన్ అంకె తగ్గడం మొదలైంది. మత్తు డాక్టరు అటు తిరిగి సిరంజిలోకి మందు ఎక్కిస్తున్నారు.

"ఎంతుంది సిస్టర్?"

"తొంభై సార్. గోరింటాకుంది గద, గట్లనే చూపిస్తది."

ఎనభై ఆరుకు వచ్చినా కాగితం మీద రాసి ఊరుకున్నాను.

అప్పుడు గదంతా మెత్తబడ్డట్టు అయింది. ఏసీ మోత, కత్తెరల చప్పుడు ఎక్కడో నీళ్ల అడుగు నుంచి వస్తున్నట్టున్నాయి. బీడీలు చుట్టే తునికాకు వాసన వచ్చింది. భయం వేయలేదు. హాయిగా ఉంది, అందుకే నాకు ఇప్పటికీ సిగ్గు. నా వెనక, చెవి దగ్గర, ఒక ఆడమనిషి తాపీగా అంది.

"బిడ్డా, గాలి ఆడుతలేదు. గిటు సూడు."

తిరిగి చూశాను. ఎవరూ లేరు. ఆకుపచ్చ గుడ్డ అంచు కింద ఊపిరి గొట్టం అతుకు దగ్గర ఊడి వేలాడుతోంది. సార్‌ను కేకేశాను. ఒక్క అంగలో వచ్చి బిగించారు. అంకె మెల్లగా పైకి ఎక్కేదాకా దాని మీంచి కళ్లు తీయలేదు.

మర్నాడు సెలైన్ మార్చడానికి వెళ్తే రెహానా బీ నా చెయ్యి పట్టుకుంది.

"రెండుసార్లు పిలిచిన బిడ్డా. మొదటిసారి నువ్వు గోరింటాకు అన్నవు."

మత్తులో కొందరికి మాటలు వినబడతాయని సార్ చెప్పారు. సరే, విన్నదనే అనుకుందాం. గొంతులో గొట్టంతో, కళ్లకు ప్లాస్టర్‌తో బల్ల మీదున్న మనిషి నా వెనక నిలబడి ఎట్లా పిలిచింది?

పదకొండేళ్లుగా అదే థియేటర్‌లో ఉన్నాను. ఆమె మొదటి పిలుపు నాకు వినబడనే లేదు. ఇంకా ఎవరెవరివి వినబడలేదో.