పాలపిట్ట రెక్క ఎవరిది?

కరోనా తగ్గి ఆఫీసులు మళ్లీ తెరిచిన ఏడాది, జూన్‌లో, నాచారంలోని ఒక చిన్న పిల్లల పుస్తకాల స్టూడియోలో జూనియర్ ఇలస్ట్రేటర్‌గా చేరాను. పాప పుట్టాక మానేశాను. అప్పటికి నాకు ముప్ఫై కూడా లేవు కానీ, మా ఆడపడుచు నన్ను అందరికీ ‘రిటైర్డ్ ఆర్టిస్టు’ అనే పరిచయం చేస్తుంది కాబట్టి, ఉద్యోగ జ్ఞాపకం రాసే అర్హత వచ్చిందనే అనుకుంటున్నాను.

స్టూడియోలో హోదాలు మూడే. పైన ఆర్ట్ డైరెక్టర్ మూర్తి గారు, ఆయన కింద సీనియర్, అట్టడుగున నేను. ముఖచిత్రాలు, ముఖ్య పాత్రలు సీనియర్ చేస్తుంది. గడ్డి, చీమలు, దూరపు కొండలు జూనియర్ పని. మరుసటి ఏడాది సీనియర్ పెళ్లి సెలవు మీద వెళ్లడంతో ఒక ముఖచిత్రం నా చేతికొచ్చింది. దసరా నాడు ఎవరికీ కనబడనని మొండికేసి దాక్కున్న పాలపిట్ట కథ అది. పుస్తకం పండగకు ముందే రావాలి కనుక గడువు జరపడానికి లేదు. బొమ్మ బాగుంటే గడ్డి పని తప్పుతుంది, చెడితే మళ్లీ చీమలే.

మా పద్ధతి మిక్స్‌డ్ మీడియా. అంటే రంగులతో పాటు కాగితం, గుడ్డ, నార, గింజలు కూడా అతికించి బొమ్మను చేత్తో తయారు చేయడం. ముందు అగ్గిపెట్టెంత పెన్సిల్ బొమ్మలు కొన్ని వేస్తే మూర్తి గారు ఒకటి ఎంచుతారు. దాన్ని అసలు సైజులో మందపాటి అట్ట మీదికి ఎక్కించి, వెనకవి ముందు, ముందువి తర్వాత అతికించుకుంటూ రావాలి. ఆకాశంతో మొదలుపెడితే పిట్ట చివర. కొమ్మకు కొబ్బరి పీచు, పొట్టకు టీ డికాక్షన్‌లో ముంచి ఆరబెట్టిన కాగితం, కంటికి మిరియం గింజ వాడాను. జిగురు ఆరిందో లేదోనని నాకు ఒకటే బెంగ. వేలితో ముట్టుకుని చూసేదాన్ని. ముట్టుకున్న చోటల్లా వేలిముద్ర పడేది. దాన్ని కప్పడానికి ఇంకో ఆకు అతికించేదాన్ని. ఆ పిట్ట అన్ని ఆకుల వెనక దాక్కోవడానికి కథలో ఒక కారణం ఉంది, నా బల్ల మీద ఇంకొకటి ఉంది.

రెక్క దగ్గర పని ఆగిపోయింది. పాలపిట్ట ఎగిరినప్పుడు మెరిసే ఆ నీలం నా దగ్గరున్న ఏ ట్యూబులోనూ లేదు. స్టూడియో కింద టైలర్ యాదగిరన్న షాపు. కత్తిరించగా మిగిలిన ముక్కల సంచి ఎప్పటికప్పుడు నాకిచ్చేవాడు. “తీస్కపో చెల్లె, నాకు ఊడ్సుడు తప్పుతది” అనేవాడు. ఆ సంచిలో, చీరల షాపుల వాళ్లు ఆనంద బ్లూ అనే రంగులో, జరీ అంచుతో పట్టు ముక్క దొరికింది. రెక్క కోసమే నేసినట్టుంది. అంచును ఈకల చివర వచ్చేలా అతికించాను. మూర్తి గారు చూసి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూసి, ఫొటోగ్రాఫర్‌కు ఫోన్ చేశారు.

ఇలాంటి ఎత్తుపల్లాల బొమ్మను స్కానర్‌లో పెట్టకూడదు. మూత పడితే మిరియం నలిగి పిట్ట గుడ్డిదవుతుంది. పై నుంచి కెమెరా పెట్టి, ఒక పక్క నుంచి లైటు వేసి ఫొటో తీయాలి. ఫొటోగ్రాఫర్ వరంగల్ రోడ్డు వైపు నుంచి రావాలి. ఆ రోజు స్టేడియంలో మ్యాచ్ ఉండడంతో ఉప్పల్ చౌరస్తాలో ఇరుక్కుపోయాడు. సరిగ్గా అప్పుడే మా స్టూడియో ఉన్న ఇంటి ఓనర్ సరోజిని ఆంటీ పై అంతస్తు నుంచి దిగి, నీళ్ల మోటారు చెడిపోయిందని చెప్పడానికి వచ్చారు. వాళ్లది భీమవరం వైపు, మాటల్లో ఆ యాస పోలేదు.

ఆవిడ మోటారు సంగతి మరిచిపోయి బొమ్మ మీదికి వంగారు.

“అమ్మాయ్, ఈ పిట్ట నా జాకెట్టు వేసుకుందేంటి?”

ఆవిడ పైకి వెళ్లి, తమ్ముడి కూతురి పెళ్లికి కుట్టించుకున్న జాకెట్టు తెచ్చి రెక్క పక్కన పరిచారు. జరీలో చిన్న చిన్న మామిడి పిందెల వరస. కత్తెర ఒక పిందె మధ్య నుంచి పోయింది. సగం జాకెట్టు చేతి మీద, తక్కిన సగం పాలపిట్ట మీద.

యాదగిరన్నను పైకి పిలిచారు. మెడలో టేపుతో వచ్చాడు.

“చేతులు మోచేతి దాకా పెట్టవయ్యా అంటే గుడ్డ చాలదన్నావు. పిట్టకి మాత్రం ఎలా చాలింది?”

“గసొంటి రంగు మస్తు మంది కుట్టిస్తరు ఆంటీ.”

ఆవిడ సగం పిందె వైపు వేలు చూపించారు. యాదగిరన్న రెండు సగాలనూ మార్చి మార్చి చూశాడు.

“మీకు పొట్టి చేతులే మంచిగ కనబడ్తయ్ గదా అని...”

“నా చేతుల సంగతి నీకెందుకయ్యా! ఆదివారం పెళ్లి. అమ్మాయ్, ఆ రెక్క పీకివ్వు. అతుకేసి కుడతాడు.”

మూర్తి గారు కొత్త పట్టు కొనిస్తామన్నారు. ఆవిడ ఒప్పుకోలేదు. ఫొటో అయ్యే దాకా ఆగమన్నారు. ఒకసారి మోసపోయాను, రెండోసారి పోనంటూ ఆవిడ బొమ్మ పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఫొటోగ్రాఫర్ ఫోన్ చేసి చౌరస్తా ఇంకా దాటలేదన్నాడు. ఆవిడ గోటితో రెక్క అంచు లేపబోయారు. నా చీమలన్నీ ఒక్కసారిగా కళ్ల ముందు వరస కట్టాయి. బొమ్మకు రెండు చేతులూ అడ్డం పెట్టాను.

“ఆగున్రి ఆంటీ, కొలిసి సూస్త” అని యాదగిరన్న మెడలోంచి టేపు తీశాడు. రెక్క కొలిచాడు. ఆవిడ చెయ్యి కొలిచాడు. మళ్లీ రెక్క కొలిచాడు. తర్వాత చాలా మర్యాదగా అడిగాడు.

“ఇది ఒక్క చెయ్యికే వస్తది. ఏ చెయ్యికి పెట్టమంటరు, కుడికా, ఎడమకా?”

ఆవిడ నిజంగానే ఆలోచించారు. రెండు చేతులూ చాపి చూసుకున్నారు. పెళ్లి ఫొటోల్లో తను ఏ పక్క నిలబడాల్సి వస్తుందని మూర్తి గారిని అడిగారు. ఆయన వరుడి తరఫా, వధువు తరఫా అని అడిగారు. చివరికి ఆవిడ చేతులు దించేశారు.

“చాలకపోతే పోనీ. మిగిలింది తిరిగివ్వాలా వద్దా?”

“ఇయ్యాలె ఆంటీ.”

“మరి నా గుడ్డ నాకు రావాల్సిందే.”

ఒరిజినల్, అంటే చేత్తో చేసిన అసలు బొమ్మ, స్టూడియో దాటి బయటికి పోకూడదన్నది మూర్తి గారి మొదటి నియమం. ఆ సాయంత్రం ఫొటో అయ్యాక ఆయనే దాన్ని మోసుకుంటూ పై అంతస్తుకు తీసుకెళ్లి, ఆంటీ హాల్లో మేకు కొట్టించి వచ్చారు. గుడ్డ యజమానికి చేరింది, పిట్టతో సహా. పుస్తకం దసరాకు ముందే వచ్చింది. సీనియర్ తిరిగొచ్చాక గడ్డిని ఇద్దరం పంచుకున్నాం.

కొన్ని ఇబ్బందులు మిగిలాయి. యాదగిరన్న ముక్కల సంచి ఆగిపోయింది. మిగిలిన గుడ్డను జాకెట్టుతో పాటే కవర్లో పెట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. మా ప్రతి కొత్త పుస్తకాన్నీ ఆ వీధి ఆడవాళ్లు కథ కోసం కాక, తమ గుడ్డ కోసం పేజీ పేజీ తిప్పి చూసేవాళ్లు. ఒకావిడ ఎలుగుబంటి చెవి తనదేనని వాదించింది కూడా.

ఈ వృత్తిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. గుడ్డ అతికించే ముందు అది ఎవరిదో అడగాలి. అడిగే ధైర్యం లేకపోతే జరీ అంచు లోపలికి మడవాలి.